బరువెరుగని వల

ఎవరైనా కొత్తమనిషి ఎదురుపడితే మనమంతా ముందు మొహం చూస్తాం. కొలతలక్క మోకాళ్ళు చూసేది. మోకాలి మడత నుంచి మడమ దాకా ఎంతుంది, కూర్చుంటే పాదం నేలకు ఆనుతుందా, నడుము ఏ పక్కకు ఒరుగుతోంది, ఇదీ ఆమె ధ్యాస. ఒకసారి ఏదో కాగితం పని మీద బ్యాంకుకు వెళ్ళింది. మేనేజరు లేచి నిలబడి మాట్లాడుతుంటే, "మీ కుడికాలు కాస్త పొట్టి, తెలుసా అండీ?" అని అడిగింది. ఆయనకు తెలియదు. యాభై ఏళ్ళు ఆ కాళ్ళతోనే నిక్షేపంగా తిరిగిన మనిషి, ఆ సాయంత్రం ఇంటికి కుంటుకుంటూ వెళ్ళాడని వీధిలో చాలాకాలం చెప్పుకుని నవ్వుకున్నారు. ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుండేది గాని, దాన్ని కరెంటు బిల్లు తప్ప ఎవరూ వాడేవారు కాదు.

ఆమె పని సముద్రం ఒడ్డుకు కొట్టిన చెత్తతో ఇంట్లోకి సామాను చెయ్యడం. తెగిన వలలు, పాత తాళ్ళు, పగిలిన చేపల పెట్టెలు, వలలకు కట్టే బెండ్లు, ఇవే ఆమె కలప. దుకాణాల్లో దొరికే కుర్చీ ఎవరికైనా సరిపోతుంది, అంటే ఎవరికీ సరిగ్గా సరిపోదు. ఆమె కుర్చీ ఒక్క మనిషికే సరిపోయేది. ఆ ఒక్క మనిషి మాత్రం అందులోంచి లేవడానికి ఇష్టపడేవాడు కాదు.

రేవు వెనక మూతబడ్డ ఐసు గోదాము ఒకటి ఆమె కార్ఖానా. మూరెడు మందం గోడలు, నేల మధ్యలో నీళ్ళు పోయే కాలవ. ఎండాకాలంలోనూ పొద్దున్నే లోపలికి అడుగుపెడితే చల్లగా తగిలేది. ముందు వసారాలో సరుకు మంచినీళ్ళలో కడిగే తొట్లు. మధ్య గదిలో ముక్కలు చేసే మిషను, ఆ ముక్కల్ని వేడితో నొక్కి పలకలు చేసే ప్రెస్సు. దాన్ని చూసుకునే పెద్దాయన్ని అందరూ ప్రెస్సు బాబాయి అనేవారు. వెనక గది కొలతలక్కది. కొనడానికి వచ్చినవాళ్ళను గోడ పక్కన ఎత్తుపీట మీద కూర్చోబెట్టి, వెనకాల గోధుమరంగు కాగితం పరిచి, పెన్సిలుతో వాళ్ళ వీపు, నడుము, తొడ గీసుకునేది. మెడ పైన ఆమెకు పనిలేదు కాబట్టి గీత భుజాల దగ్గర ఆగిపోయేది. ఆ కాగితాలన్నీ గోడకు తగిలించి ఉండేవి. కొత్తగా ఆ గదిలోకి వచ్చినవాళ్ళకు తలల్లేని జనం వరసగా కూర్చుని ఎదురుచూస్తున్నట్టు ఉండేది.

ఈ విద్య ఆమె ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. తండ్రి పడవలు చేసే వడ్రంగి. ఫైబరు పడవలు వచ్చాక ఆయన ఉలికి పనిలేకుండా పోయింది. ఆ దిగులుకు పక్షవాతం తోడై ఎడమపక్క పడిపోయింది. ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన చక్రాల కుర్చీలో గంట కూర్చుంటే ఆయన తడిగుడ్డలా ఎడమవైపు జారిపోయేవాడు. కూతురు లేవనెత్తేది, మళ్ళీ జారేవాడు. ఇంట్లో కలప లేదు, కొనే స్తోమతు లేదు. ఒడ్డున పడున్న చేపల పెట్టెలు నాలుగు, కొన్ని తాళ్ళు ఏరుకొచ్చి, ఎడమవైపు రెండంగుళాలు లేపి, వీపుకు వల అల్లి ఒక కుర్చీ చేసింది. చివరి పద్నాలుగు నెలలు ఆయన అందులో నిటారుగా కూర్చుని తన అన్నం తనే తిన్నాడు.

"పడవైనా కుర్చీ అయినా ఒకటేనే తల్లీ. లోపల కూచున్నోడు ఒరక్కూడదు, అంతే," అన్నాడు ఒకరోజు. ఆయన మెచ్చుకోలు ఎప్పుడూ అంతకు మించి ఉండేది కాదు.

ఆ కుర్చీ చూసి, ఆయన ఒరుపుపుళ్ళకు కట్టు మార్చడానికి వచ్చే నర్సు వాళ్ళమ్మకు ఒకటి చేయించుకుంది. నర్సు చెబితే ఇంకొకరు వచ్చారు. నాలుగేళ్ళు తిరిగేసరికి కొలతలక్క గోదాము అద్దెకు తీసుకుంది. పెళ్ళి మాట ఎవరో ఒకరు ఎత్తేవారు, ఆమె చేతిలో ఏదో ఒక పని ఉండేది. అలా ఆ మాట దానంతటదే పాతబడిపోయింది.

ఆమెకు ఒక్కడే తమ్ముడు, ఆరేళ్ళు చిన్నవాడు. తల్లి పోయినప్పుడు వాడికి ఎనిమిదేళ్ళు. వాణ్ణి అన్నం పెట్టి, తిట్టి, తల దువ్వి పెంచింది అక్కే. పెద్దయ్యాక ఒక సరంగు దగ్గర పనికి కుదిరాడు. సరంగు అంటే బోటు నడిపే మనిషి. ఇద్దరూ పదకొండేళ్ళు ఒకే బోటు మీద తిరిగారు, ఒకే గిన్నెలో తిన్నారు. ఒకరోజు వల లాగే తాడు తెగి కొట్టడంతో తమ్ముడి భుజం విరిగింది. అతికింది గాని బరువు లాగే శక్తి తిరిగి రాలేదు. అప్పుడు అక్క పిలిచింది.

"సముద్రంలో చేపలు పట్టింది చాల్లే. ఇక చెత్త పట్టు," అంది.

"అదొక్కటీ సమృద్ధిగా ఉందిలే అక్కా," అన్నాడు వాడు.

నిజంగానే ఉండేది. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, రాళ్ళ సందుల్లో, పోటు దిగాక ఇసుకలో సగం పూడుకుపోయి వలలు దొరికేవి. తమ్ముడికి ఆ కన్ను ఉంది. తాడు చేతిలోకి తీసుకుని, ఇది ఆరు నెలలు నీళ్ళలో ఉంది, ఇది రెండేళ్ళు ఎండలో పడుంది అని చెప్పేవాడు. అక్క నమ్మేది. ప్రతి సామాను కింద ఒక చీటీ అంటించేది. గుండ్రటి అక్షరాలతో, 'ఈ కుర్చీ వీపు ఏటి మొగ దగ్గర వానాకాలం మొదట్లో తీసిన వల. కాళ్ళు చేపల పెట్టెలు,' అని రాసేది. తమ్ముడు చెప్పేవాడు, ఆమె రాసేది.

రాను రాను ఆ చీటీ కుర్చీని మించిపోయింది. కొన్నవాళ్ళు ఇంటికి చుట్టాలొస్తే కుర్చీ మీద కూర్చోబెట్టేవారు కాదు, తిరగేసి చీటీ చదివించేవారు. ఇంటి అలంకరణల పత్రిక ఒకదాంట్లో ఫొటో పడింది. ఇక పెద్ద ఇళ్ళవాళ్ళు మొదలయ్యారు. గోడ పొడుగునా అలమారలు, మంచం తలాపి పలకలు, ఒక హోటలు ముందు గదికి అడ్డుతెర. వాళ్ళకు నడుము నొప్పులు లేవు. రంగులు కావాలి. అందులోనూ అందరికీ ఆకుపచ్చే కావాలి.

"సముద్రం రంగు చూసి పంపదండీ," అని చెప్పేది కొలతలక్క.

కానీ తమ్ముడు ఆకుపచ్చ తెచ్చేవాడు. ఎంత కావాలంటే అంత.

"ఎక్కడిదిరా ఇంత పచ్చ?"

"వెతికితే దొరుకుద్ది అక్కా."

ఆమె అంతటితో ఊరుకునేది. చేతినిండా పని ఉన్నప్పుడు మనిషికి కుతూహలం తగ్గుతుంది. తర్వాత తనను తాను ఎన్నిసార్లు తిట్టుకున్నా, ఆ రోజుల్లో మాత్రం ఆమె రెండో ప్రశ్న వేయలేదు.

అలా ఏడాదిన్నర గడిచాక లెక్కల టీచరమ్మ వచ్చింది. ఉద్యోగం మానేసి మూడేళ్ళయిన పెద్దావిడ. వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోయే జబ్బు. వంగలేదు, ఎక్కువసేపు పడుకోలేదు. రెండేళ్ళుగా కిటికీ గట్టు మీద కంచం పెట్టుకుని నిలబడే అన్నం తింటోంది. ఎత్తుపీట మీద చేరగిలబడుతూనే, "నూట పన్నెండు డిగ్రీలు," అంది.

"ఏంటండీ?"

"వీపుకీ తొడకీ మధ్య కోణం. ఇంట్లో తలుపు చెక్కకి దిండ్లు పెట్టుకుని ప్రయత్నించాను. నూట పది దగ్గర నొప్పి. నూట పదిహేను దగ్గర జారిపోతున్నా. నూట పన్నెండు."

"మీరే కొలుచుకొస్తే ఇక నేనెందుకమ్మా?"

"కొలవడం వేరు, చెయ్యడం వేరు. నా దగ్గర చదివిన పిల్లలకి అందరికీ లెక్క వచ్చు. ఒక్కడికీ బల్ల బిగించడం రాదు."

కొలతలక్కకు ఆవిడ నచ్చింది. చాలాకాలం తర్వాత రంగు అడగని మనిషి. కాగితం మీద ఆవిడ వీపు గీస్తే స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా వచ్చింది. కొలతలక్క ఆ గీత మీద పెన్సిలు ఇంకోసారి పోనిచ్చింది.

మర్నాడు ఆసనం అల్లడానికి వల కొయ్యడం మొదలుపెట్టింది. తమ్ముడు వారం కిందట తెచ్చిన పచ్చవల. మామూలుగా ఒక కుర్చీకి వల కొయ్యాలంటే మూడుసార్లు కత్తి సానపట్టాలి. సముద్రంలో తిరిగిన వల పోగుల్లో ఇసుక దూరి ఉంటుంది, ఎన్నిసార్లు కడిగినా కొంత మిగులుతుంది, అది కత్తి అంచును తినేస్తుంది. ఆ రోజు మధ్యాహ్నానికి కోత అయిపోయింది. సానరాయి పక్కన పొడిగానే ఉంది.

ఆమె చెయ్యి ఆగిపోయింది. ఒక ముడి గోటితో కదిపి చూసింది, కదిలింది. చేపల బరువు లాగిన వల ముళ్ళు రాయిలా బిగుసుకుపోతాయి, సూది కూడా దూరదు. ఇది ఒక్క చేపనూ మోసినట్టు లేదు. పక్కముడి చూసింది. దాని పక్కది చూసింది. తర్వాత లేచి అటక మీద పాతకోతల సంచి దింపింది. హోటలు తెరలో మిగిలిన ముక్కలు, పెద్ద ఇంటి అలమార ముక్కలు, ఒక్కొక్కటే గోటితో కదిపింది. అన్నీ కదిలాయి.

ప్రెస్సు దగ్గరికి వెళ్ళి ఆ వల బాబాయి ముందు పెట్టింది.

"ఇది కొత్తది కదూ బాబాయ్?"

ఆయన గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తుడిచిందే తుడిచాడు. "నా కంటికి మిషనే ఆనదమ్మా, వల ఏం ఆనుద్ది," అన్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఆ సంగతి తమ్ముణ్ణి అడుగు తల్లీ. నన్నడక్కు."

అంటే ఆయనకు తెలుసు. బహుశా తెలియంది ఒక్క తనకే.

ఎండలో నడిచి ఏటి మొగ దాటి, మడచెట్ల వెనక పాయ దాకా వెళ్ళింది. తమ్ముడు సరుకు ఎండేసుకునే చోటది. ఇన్నేళ్ళలో ఆమె రెండు మూడుసార్లకు మించి అటు రాలేదు. పాయలో వరసగా కర్రలు పాతి ఉన్నాయి. కర్రకర్రకూ కట్టి, మురికిబట్టలు నానేసినట్టు, వలల మోపులు నీళ్ళలో ఊగుతున్నాయి. అన్నీ పచ్చనివే. గట్టు మీద ఒక మోపు ఇంకా ఫ్యాక్టరీ కవరులోనే ఉంది. తమ్ముడు మోకాలిలోతు నీళ్ళలో నిలబడి కదిలిన కర్రను బిగిస్తున్నాడు. తల తిప్పి అక్కను చూసి, తేలు కుట్టిన దొంగలా అలాగే ఉండిపోయాడు.

"ఎన్నాళ్ళు నానబెడితే సముద్రంలో దొరికినట్టవుద్దిరా?" అని అడిగింది.

వాడు నీళ్ళు నమిలాడు. ఆమె వదల్లేదు. అక్కడే గట్టు మీద చతికిలబడింది.

"దొరకట్లేదక్కా," అన్నాడు చివరికి. "ఉంది, లేదనట్లేదు. కానీ ముట్టుకుంటే పొడైపోయే రకం. ఎండకి చచ్చిపోయిన సరుకు. ప్రెస్సులో పెడితే పలక పగిలిపోద్ది. నువ్వే కదా మూడు బస్తాలు తెస్తే రెండు వెనక్కి తోసేదానివి? అదెక్కడ పెట్టాలో కూడా చెప్పేదానివి కాదు. వాళ్ళేమో పచ్చ కావాలి, పచ్చ కావాలి అంటారు. ఎక్కణ్ణుంచి తేను?"

"లేదని చెప్తే?"

"ఏమయ్యేది? బాబాయి ఇంటికెళ్ళేవాడు. నేనెళ్ళేవాణ్ణి. ఈ భుజంతో ఎవడు పిలుస్తాడు నన్ను?"

ఆమె లేచి నిలబడింది. కర్రలు లెక్కపెట్టింది. పదహారు. పద్నాలుగింటికే మోపులున్నాయి.

"ఆ రెండూ ఏవి?"

వాడి మొహంలో ఒక్కసారిగా రక్తం లేకుండా పోయింది. అది చూశాకే ఆమెకు భయం వేసింది. అప్పటిదాకా ఉన్నది కోపమే.

"ఆ మధ్య గాలివానకి తాడు తెగి కొట్టుకుపోయినై. ఒకటి దొరికింది."

"రెండోది?"

వాడు పాయకేసి తిరిగాడు. తర్వాత చెప్పాడు. మాట మాటకూ గొంతు తగ్గిపోతూ చెప్పాడు.

నాలుగు నెలల కిందట ఇసుకమేట దగ్గర సరంగు బోటు ఆగిపోయింది. ఇంజను పంకాకు ఏదో చుట్టుకుంది. సరంగు వెనక్కి వంగి, కత్తితో దాన్ని కోసి లాగుతుండగా ఒక అల బోటును ఎత్తి పడేసింది. చెయ్యి వలలో ఇరుక్కుంది, వల బిగుసుకుంది. రెండు వేళ్ళూ, బొటనవేలు సగమూ పోయాయి. కుడిచెయ్యి. చుక్కాని పట్టే చెయ్యి. ఇదంతా కొలతలక్కకు తెలిసిందే. ఆ రోజుల్లో తమ్ముడు రోజూ ఆసుపత్రికి క్యారేజీ పట్టుకెళ్ళేవాడు. స్నేహమంటే అదీ అని రేవంతా మెచ్చుకుంది.

"నేను బోటు దగ్గరికెళ్ళి చూశానక్కా. పంకాకి ఇంకా ఉంది ముక్క. దానికి నా తాడుంది. నా ముడి నాకు తెలీదా?"

సరంగు ఆసుపత్రి నుంచి వచ్చాక, కొలతలక్కే వాళ్ళింటికి వెళ్ళి కొలతలు తీసుకుంది. వేళ్ళు లేకపోయినా మణికట్టుతో లాగి తెరుచుకునేలా ఒక అలమార చేసి ఇచ్చింది. తలుపులకు పిడుల బదులు వల అల్లిన ఉచ్చులు పెట్టింది. ఆ వల కూడా ఈ పచ్చదే. ఆ మనిషి రెండు నెలలుగా చొక్కా కావాలన్నా, గ్లాసు కావాలన్నా ఆ ఉచ్చులోనే చెయ్యి పెడుతున్నాడు.

కొలతలక్క ఇంట్లో మూడు రోజులు పొయ్యి వెలిగిందంటే వెలిగింది. అక్కాతమ్ముళ్ళు ఉండేది ఒకే ఇంట్లో, వసారాకు చెరో పక్క. తమ్ముడి భార్య, ఆమె మరదలు, మధ్యలో నలిగిపోయింది. నెమ్మది మనిషి, గొంతెత్తి మాట్లాడి ఎరగదు. మూడో రోజు వదిన పక్కన వచ్చి కూర్చుంది.

"వెళ్ళి చెప్తావా వదినా?"

"చెప్పకుండా ఎట్లా అమ్మాయ్?"

"కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుద్ది. పోయిన వేళ్ళు చెప్తే వస్తాయా? మీ తమ్ముడు ఇప్పటికే సగం మనిషయ్యాడు. నిద్దర్లో కర్రలు బిగిస్తున్నాడు వదినా, నేను చూస్తున్నా."

చెప్పడం వల్ల ఎవరికైనా మేలు ఉందా అని కొలతలక్క ఎటునుంచి ఆలోచించినా తేలలేదు. కానీ ఆ ఉచ్చులు మాత్రం కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. నాలుగో రోజు పొద్దున్న చీర మార్చుకుని, "రారా," అంది తమ్ముడితో. వాడు వచ్చాడు. సరంగు వీధి మలుపు దాకా వచ్చి, కరెంటు స్తంభం దగ్గర ఆగిపోయాడు. ఆమె వెనక్కి తిరిగి చూసింది. వాడు తల అడ్డంగా ఊపాడు. చిన్నప్పుడు బడికి దిగబెడితే గేటు దగ్గర సరిగ్గా అలాగే ఊపేవాడు. అప్పుడు చెయ్యి పట్టి లాక్కెళ్ళేది. ఈసారి ఒక్కతే వెళ్ళింది.

సరంగు ఇంట్లో ఒక్కడే ఉన్నాడు. భార్య చేపలు ప్యాకింగు చేసే షెడ్డుకు వెళ్ళింది. అతను ఎడమచేత్తో చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్నాడు. మూడో బొత్తాం దగ్గర ఉన్నాడు.

"రా అక్కా, కూచో. ఇంకో రెండున్నాయి, అయిపోతాయి," అన్నాడు.

ఆమె నిలబడే చెప్పింది. పాయ, కర్రలు, నానబెట్టిన వలలు, గాలివాన, తాడు ముడి. తమ్ముడిని వెనకేసుకు రాలేదు, తన తప్పూ దాచలేదు. రంగు అడిగినవాళ్ళకు రంగు ఇస్తానని ఒప్పుకున్నది తనేనని, ఎక్కడిదని రెండోసారి అడగలేదని చెప్పింది. సరంగు వింటూనే నాలుగో బొత్తాం పెట్టుకున్నాడు. అయిదోది పెట్టుకోలేదు.

"ఎందుకు చెప్పావక్కా?" అన్నాడు.

ఆమె బిత్తరపోయింది.

"ఇన్నాళ్ళూ సముద్రమే తీసుకుందనుకున్నా. చిన్నప్పట్నుంచీ తిండి పెట్టింది, రెండు వేళ్ళు తీసుకుంది, పోన్లే అనుకున్నా. దాన్ని రోజూ కాసేపు తిట్టుకుని కడుపు చల్లార్చుకునేవాణ్ణి. సముద్రాన్ని ఎంత తిట్టినా దానికేం కాదు. ఇప్పుడు వాణ్ణి తిట్టాలి. వాడు తెచ్చిన అన్నం తిన్నాను నేను."

"పోలీసులకి చెప్పాలంటే చెప్పు. నేను సాక్ష్యం చెప్తా."

"చెప్పి?" అన్నాడు అతను.

లేచి కత్తిపీట పక్కనున్న చిన్న కత్తి తీసుకున్నాడు. అలమార దగ్గరికి వెళ్ళి ఎడమచేత్తో ఒక్కొక్క ఉచ్చూ కొయ్యడం మొదలుపెట్టాడు. రెండు తలుపులు, రెండు సొరుగులు, నాలుగు ఉచ్చులు. అలవాటులేని చెయ్యి, చాలాసేపు పట్టింది. సాయం చెయ్యబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది కొలతలక్క. కోసినవి నాలుగూ ఆమె చేతిలో పెట్టాడు.

"అలమార బానే ఉంది. ఇవి తీసుకెళ్ళు."

ఆమె బయటికి వచ్చేసరికి స్తంభం దగ్గర తమ్ముడు లేడు.

సరంగు ఎవరికీ చెప్పలేదు. ఫిర్యాదు పెట్టలేదు, గొడవకు రాలేదు. అదే పెద్ద శిక్ష అయింది. రేవులో తమ్ముడు ఎదురైతే ఆగి, ఒక్క క్షణం చూసి, పక్కకు తప్పుకుని వెళ్ళిపోయేవాడు. నాలుగు దెబ్బలు కొట్టినా బాగుండేదని తమ్ముడు భార్యతో అన్నాడట. అక్కతో మాత్రం ఏమీ అనలేదు. అసలు మాట్లాడటమే మానేశాడు. పాయలో కర్రలన్నీ పీకి ఒడ్డున పడేశాడు. మోపులన్నీ గోదాములో తెచ్చి వేశాడు. రెండు నెలలకు వేరే రేవులో ఇసుక తోడే బోటు మీద కాపలా పని దొరికిందని మూట కట్టుకున్నాడు.

బస్సు ఎక్కే ముందు ఒక్కమాట అన్నాడు. "నువ్వు న్యాయం చేశావని అందరూ అంటారు అక్కా. నువ్వు కూడా అనుకోకు."

"అనుకోట్లేదురా," అంది ఆమె. వాడు విన్నాడో లేదో. మరదలు కళ్ళు తుడుచుకుంటూ కిటికీ లోంచి చెయ్యి ఊపింది.

ఆ తర్వాత కొలతలక్క ఏడాదిన్నరలో సామాను కొన్న అందరికీ ఉత్తరాలు రాసింది. 'మీ సామాను కింద చీటీలో నేను రాసింది నిజం కాదు. ఆ వల సముద్రంలో దొరికింది కాదు. కావాలంటే వెనక్కి తీసుకుంటాను.' చాలామంది జవాబే ఇవ్వలేదు. ఒకావిడ ఫోను చేసి, ఈ సంగతి పక్కింటివాళ్ళకు చెప్పొద్దని బతిమాలింది. హోటలువాళ్ళు చీటీ తీసెయ్యమన్నా తీసెయ్యలేదు, వచ్చేపోయేవాళ్ళు దాన్ని ఫొటో తీసుకుంటారట. ఎవరో ఒక బల్ల తెచ్చి, కనీసం తలుపు కొట్టకుండా గోదాము గేటు ముందు దింపేసి పోయారు. వానలో అది రెండు రోజులు అక్కడే ఉంది. తర్వాత ఆమే లోపలికి ఈడ్చుకుంది.

లెక్కల టీచరమ్మకు మాత్రం ఎదురుగా వెళ్ళి చెప్పింది. ఆవిడ కిటికీ గట్టు దగ్గర నిలబడి అంతా విని, "నా నడుముకి ఇవేం తెలీవమ్మా. కుర్చీ చేస్తావా, చెయ్యవా?" అంది.

"ఆ వలతోనే చెయ్యాలి. వేరేది లేదు."

"దాన్ని పారేస్తే ఎక్కడికి పోతుంది?"

కొలతలక్క మర్నాడే కోసిన వల ముందేసుకుంది. చేసింది. ఎన్నేళ్ళ పనితనమో అందులో పెట్టింది. నడుము దగ్గర అల్లిక వదులుగా, భుజాల దగ్గర బిగువుగా, లేచేటప్పుడు చేతులకు ఊతంగా రెండు పక్కలా ఎత్తు. కింద చీటీ అంటించలేదు. టీచరమ్మ మెల్లగా వెనక్కి ఒరిగి, పాదాలు నేలకు ఆనించి, కళ్ళు మూసుకుంది. కాసేపటికి, "నూట పదమూడు చేశావు," అంది. కళ్ళు తెరవకుండానే, "నేనే తప్పు కొలిచినట్టున్నాను," అంది. ఆవిడ కోడలు కంచం తెచ్చి ఒళ్ళో పెట్టింది. రెండేళ్ళ తర్వాత ఆవిడ కూర్చుని అన్నం తింటుంటే కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొలతలక్క చూస్తూ నిలబడింది. ఇంతకు ముందైతే ఇలాంటి రోజున ఇంటిదాకా నడక తెలిసేది కాదు. ఆ రోజు మాత్రం అడుగడుగూ తెలిసింది.

గోదాము ఖాళీ చేసింది. ప్రెస్సు ఎవరో బకెట్లు చేసేవాళ్ళు పట్టుకుపోయారు. బాబాయి కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. పోతూ, "నేనన్నా ముందే చెప్పాల్సింది తల్లీ," అన్నాడు. చెప్పాల్సిందే. ఆమె ఆ మాట అనలేదు. గోడ మీది కాగితాలు చుట్టచుట్టి అటక మీద పడేసింది.

ఆసుపత్రిలో కృత్రిమ కాళ్ళూ చేతులూ చేసే విభాగం ఒకటుంది. మొదట కుర్చీ చేయించుకున్న నర్సు, ఇప్పుడు అక్కడ పెద్ద నర్సు, ఆమెను కొలతల బల్ల దగ్గర పెట్టించింది. పొద్దున్నే తలుపు తీసేసరికి వరండా నిండా జనం ఉంటారు. టోకెన్ల వరస, సున్నపు అచ్చుల వాసన, పక్క గదిలో ఆకురాయి చప్పుడు. ఎవరు వచ్చినా ఆమె తక్కువ మాట్లాడుతుంది. 'నొప్పుందా, ఇక్కడ నొక్కితే, ఇక్కడ?' అంతే.

రెండో ఏడాది ఒకరోజు సరంగు వచ్చాడు. కొలతల బల్లలు రెండున్నాయి, పక్క బల్ల ఖాళీగానే ఉంది. అతను ఈమె బల్ల ముందే కూర్చుని కుడిచెయ్యి చాపాడు. ఆమె టేపు పెట్టింది. ఇద్దరూ కొలతలు తప్ప ఏమీ మాట్లాడుకోలేదు. బొటనవేలు తయారైంది. తొడిగితే చర్మం ఒరుసుకుంటోందని రెండుసార్లు వచ్చి సరిచేయించుకున్నాడు. మూడోసారి రమ్మన్న రోజున రాలేదు.

ఆ తర్వాత వారం అతని భార్య వచ్చింది. వేలికి వేసే రబ్బరు తొడుగు చిరిగిందట, కొత్తది కావాలని.

"పనికొస్తోందా?" అని అడిగింది కొలతలక్క.

"పనికంటే ఏం రావట్లేదు. బయటికెళ్ళేటప్పుడు పెట్టుకుంటాడు. అడిగేవాళ్ళు తగ్గారు," అంది ఆవిడ. తొడుగు సంచిలో వేసుకుని లేచింది. రెండడుగులు వేసి వెనక్కి వచ్చింది.

"మీ తమ్ముడు ఎట్లా ఉన్నాడో కనుక్కు రమ్మన్నాడు."

కొలతలక్క బల్ల మీద టేపు చుట్టి పక్కన పెట్టింది.

"నాకూ తెలీదమ్మా. ఫోన్ చేస్తే మరదలే ఎత్తుతుంది. ఆయన పనిలో ఉన్నాడంటుంది. ఎప్పుడు చేసినా పనిలోనే ఉంటాడు."

"అదే చెప్తాలే," అంది ఆవిడ.

వరండాలో తర్వాతి నంబరు పిలిచారు. ఒక ముసలాయన చంకకర్రల మీద లోపలికి వచ్చాడు. కొలతలక్క లేచి కుర్చీ జరిపి, ఆయన కూర్చునేదాకా పట్టుకుంది.